పది లెక్కపెట్టే సారు

మధ్యాహ్నం బడిలో పిల్లకాయలకు గుడ్లు పంచుతుంటే ఫోను మోగింది. మా ట్రైనింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు. అందులో వచ్చేవి బదిలీల పుకార్లూ పుట్టినరోజు కేకులే కాబట్టి తీయకుండా పక్కన పెట్టాను. అది ఆగకుండా మోగుతూనే ఉంది. విసుక్కుంటూ తీసి చూస్తే, 'మన సైన్సు సారు పోయారు' అని ఒక్క లైను. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఒళ్ళు మండింది. ఆయన దగ్గర రెండేళ్ళు చదివినవాళ్ళం, ఒక్కరికీ సొంతంగా ఒక్క మాట రాయాలనిపించలేదా అని. అట్లా తిట్టుకుంటూనే నేనూ ఆ బొమ్మే పెట్టాను.

ఆ పూట పాఠం చెప్పలేకపోయాను. పిల్లల్ని బొమ్మలు వేసుకోమని కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు రాలేదు. నాలుగేళ్ళ కిందట ఆయనకు ఒక అబద్ధం చెప్పాను. ఎప్పుడో ఒకప్పుడు పోయి నిజం చెప్పుకోవచ్చులే, ఆయనెక్కడికి పోతాడు, అనుకుంటూ రోజులు నెట్టాను. ఇప్పుడు చెప్పుకుందామంటే ఆయన లేడు.

నెల్లూరు ట్రైనింగ్ కాలేజీలో ఆయన మాకు సైన్సు బోధన చెప్పేవారు. చిన్నపిల్లలకు సైన్సు ఎట్లా నేర్పాలో, కాబోయే పంతుళ్ళమైన మాకు నేర్పడం ఆయన పని. రోజూ బిట్రగుంట నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చేవారు. భుజాన ఒక సంచీ ఉండేది. రొయ్యల మేత వచ్చే గోతాన్ని కత్తిరించి వాళ్ళావిడ కుట్టింది. దాని మీద తలకాయ లేని రొయ్య బొమ్మ సగం కనబడుతుండేది. లోపల సోడా మూతలు, సూదుల్లేని సిరంజీలు, సైకిలు ట్యూబు ముక్కలు, ఏవేవో గింజలు. చొక్కా జేబులో పెన్ను పక్కనే, పాత స్పీకరులోంచి పీకిన గుండ్రటి అయస్కాంతం. ఆఫీసులో గుండుసూదులు కనబడకపోతే అటెండరు ముందుగా ఆయన జేబు వెతికేవాడు.

మొదటి క్లాసులో ఆయన తన పేరు కూడా చెప్పలేదు. మా ఒక్కొక్కరి ముందు పాత పేపరు ముక్క పరిచి, సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుక గుప్పెడేసి పోశారు.

"ఇందులో ఏముంది?" అన్నారు.

"ఇసక సార్," అన్నాం అందరం కలిసి.

"సరే, ఇంకా?"

ఇంకేముంటుంది, మా బొంద! ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. పావుగంట దాకా నోరు మెదపలేదు. ఏం తోచక ఇసుకను వేలితో కెలకడం మొదలుపెట్టాం. గవ్వ పెంకులు బయటపడ్డాయి. ఏదో పురుగు కాలు. గులాబీరంగు గింజలు. నా పక్కమ్మాయి లేచి పోయి, ఆయన జేబులోని అయస్కాంతం అడిగి తెచ్చుకుంది. నల్లటి రేణువులన్నీ దాని మీదికి ఎగబాకాయి. గదంతా గోల గోల అయింది.

"ఎందుకు సార్ నల్లవే అతుక్కుంటున్నాయి?" అని అడిగాను.

"నాకు తెలీదమ్మా, చూద్దాం," అన్నారాయన.

రెండేళ్ళలో ఆ మాట ఎన్ని వందల సార్లు విన్నామో. ఆయనకు 'చూద్దాం సారు' అని పేరు పెట్టుకున్నాం. ఆయనకు అన్నీ తెలుసనీ, మాతో వేషాలు వేస్తున్నాడనీ నా అనుమానం. ఒకరోజు మొహం మీదే అడిగేశాను. "నిజంగా తెలీదా సార్ మీకు?"

ఆయనకు కోపం రాలేదు. "కొన్ని తెలుసు, చాలా తెలీదు. తెలిసింది చెప్పేస్తే మీరు రాసేసుకుంటారు. రాసుకున్నాక ఇంక ఎవరైనా చూస్తారా?" అన్నారు.

ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టాలన్నది ఆయన పెట్టిన రూలు. "పిల్లకాయలు ఆలోచించబళ్ళా? అడిగిన నిమిషానికే జవాబు నువ్వే చెప్పేస్తే వాళ్ళెందుకు ఆలోచిస్తారు?" అనేవారు. వినడానికి సులభంగానే ఉంటుంది. తరగతి ముందు నిలబడి, నలభై కళ్ళు మనల్నే చూస్తుంటే, ఆ నిశ్శబ్దంలో పది లెక్కపెట్టి చూడండి, తెలుస్తుంది. నాకు నాలుగు దాటేది కాదు. ఆయన మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని ఒక్కో వేలూ మడుస్తూ పది దాకా పోయేవారు. వెనక బెంచీలో కూర్చుంటే ఆ వేళ్ళు కనబడేవి. ఎనిమిదో వేలు మడిచేటప్పటికి, ఎప్పుడూ మాట్లాడని పిల్ల ఎవరో నోరు తెరిచేది.

'అర్థమైందా?' అని పిల్లల్ని అడిగితే మాత్రం ఆయనకు చిర్రెత్తేది. "అయింది టీచర్ అనక ఇంకేమంటారు వాళ్ళు? పాపం, వాళ్ళకి మాత్రం ఇంటికి పోవాలని ఉండదా?" అనేవారు.

మా పాఠ్య పథకాల సంగతి ఇక్కడ చెప్పాలి. పేజీని నిలువుగా రెండు గడులు చేస్తాం. ఎడమ గడిలో ఉపాధ్యాయుని పని, కుడి గడిలో పిల్లల స్పందన. పాఠం చెప్పకముందే రెండూ నింపేయడం మా అందరి అలవాటు. టీచరు ఇది అడుగును, పిల్లలు ఇట్లా చెప్పుదురు అని, ఏ ఊరి బడికి పోతున్నామో కూడా తెలియకముందే రాసేసేవాళ్ళం. సీనియర్ల రికార్డులు చూసి దించేవాళ్ళం కూడా. సారు మాత్రం రికార్డు తీసుకుని కుడి గడిని వెనక్కి మడిచేవారు. బొటనవేలి గోటితో ఆ మడత మీద గట్టిగా గీసి, తిరిగి చేతిలో పెట్టేవారు.

"ఇది క్లాసయినాక రాయి. పిల్లకాయలు ఏం చెప్తారో నీకు ముందే తెలిస్తే, వాళ్ళు బడికి వచ్చేదెందుకు?"

నాకు ఆ మడత చూస్తే మంటగా ఉండేది. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన రికార్డు, నడుమ ఆ గోటిగీత ఏమిటి!

ఇక నా సంగతి. చివరి పరీక్ష పాఠం కోసం మమ్మల్ని ముత్తుకూరు దాటి సముద్రం వైపు ఉన్న ఒక ఊరికి వేశారు. చుట్టూ రొయ్యల గుంటలు. నా పాఠం, గింజ మొలకెత్తడానికి ఏమేం కావాలి అన్నది. నాలుగో తరగతి పిల్లలతో సోమవారం మూడు పళ్ళాలు పెట్టించాను. ఒకదానిలో పొడి పెసలు, ఒకదానిలో నీళ్ళల్లో పూర్తిగా మునిగిన పెసలు, ఒకదానిలో తడిగుడ్డలో చుట్టిన పెసలు. పళ్ళానికి ఇరవై గింజలు. బళ్ళో ఉన్న చేతిపంపు కొట్టి పిల్లలే నీళ్ళు పోశారు. బుధవారం పొద్దున బయటి నుంచి పరీక్షాధికారి వస్తారు. ఈలోగా తడిగుడ్డలోవి మొలవాలి.

నేను సంగం దగ్గర పెన్నా కాలవ కింద వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. తడి తగిలితే గింజ మొలవకుండా పోతుందన్న ఊహే నాకు లేదు. బుధవారం అందరికంటే ముందు పోయి గుడ్డ విప్పితే గుప్పున కంపు కొట్టింది. పైపైన కనబడినవాటిలో ఒక్కటీ మొలవలేదు. జిగురుజిగురుగా ఉన్నాయి. అయితే నా జాగ్రత్తలో నేనున్నాను. హాస్టల్లో వేరేగా నానబెట్టిన పెసలు టిఫిను డబ్బాలో తెచ్చుకున్నాను. ఎందుకైనా మంచిది, ఒక డబ్బా వెంట పెట్టుకోమని సీనియర్లు నేర్పిన విద్య అది. మా బ్యాచ్‌లో అందరం చేసిన పనే. పిల్లల గింజల్ని పంపు పక్క తుమ్మచెట్ల కిందికి విసిరేసి, నా మొలకల్ని పళ్ళెంలో పరిచాను.

పాఠం మొదలైంది. పరీక్షాధికారి ముందు కుర్చీలో కూర్చున్నారు. మా సారు ఎప్పటిలాగే చిట్టచివర, పిల్లల చిన్న బెంచీలో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. "ఏ పళ్ళెంలో మొలకలొచ్చాయి?" అని అడిగాను. "తడిగుడ్డలో టీచర్!" అని అందరూ ఒక్కసారి అరిచారు. ఒక్క పిల్ల అరవలేదు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. పళ్ళెం మీదికి వంగి వేలు పెట్టి లెక్కపెడుతోంది.

"టీచర్, ఇయ్యి మావి కావు," అంది.

"ఎందుక్కావు?"

"మేం పెట్టింది ఇరవై. ఇందులో ఇరవై ఆరుండాయి."

పరీక్షాధికారి తలెత్తి చూశారు. నేను నవ్వు తెచ్చిపెట్టుకున్నాను. "లెక్క తప్పినావమ్మే, కూర్చో."

"లేదు టీచర్, రెండుసార్లు లెక్క..."

"నోరు మూసుకుని కూర్చోమన్నానా!"

ఆ పిల్ల కూర్చుంది. లెక్కపెట్టిన చేతిని తొడ కింద పెట్టేసుకుంది. పరీక్షాధికారి ఏదో అని నవ్వి మార్కులు వేసుకున్నారు. ఆ ఏడు బ్యాచ్ మొత్తానికి నావే ఎక్కువ మార్కులు. నేను భయంభయంగా వెనక్కి చూశాను. సారు నన్ను చూడటం లేదు. ఆ పిల్లనే చూస్తున్నారు.

అంతా అయ్యాక నన్ను పంపు దగ్గరికి పిలిచారు. ఆయనే కొడుతూ, "తాగి చూడు," అన్నారు. దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుని ఊసేశాను. ఉప్పు కషాయం! ఊళ్ళో ఎవరూ ఆ నీళ్ళు తాగరట, క్యాన్లు కొనుక్కుంటారట. మూడు రోజులు ఆ బళ్ళో ఉండి ఆ సంగతి నేను చూడలేదు.

"మార్కులు వేసేసినారు. నేను వాటి జోలికి పోను," అన్నారు. ఆయన గొంతు ఎప్పటికంటే తగ్గింది. "ఆ పిల్ల సరిగ్గా లెక్కపెట్టింది. సరిగ్గా లెక్కపెట్టినందుకు అందరి ముందరా తిట్లు తినింది. తను చెప్పింది నిజమేనని ఆ బిడ్డకి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను సార్."

"ఎప్పుడు?"

"రేపే సార్."

ఆ రేపు రాలేదు. మర్నాడు హాస్టలు ఖాళీ చేసే హడావిడి, ఆ తర్వాత ఉద్యోగం పరీక్ష చదువు. నాకు పోస్టు వచ్చిందని ఫోను చేస్తే "సంతోషం తల్లీ," అన్నారు. ఆ వెంటనే, "ఆ పిల్లకి చెప్పినావామ్మా?" అన్నారు. లేదు సార్ అన్నాను. ప్రతి ఏడూ టీచర్స్ డేకి ఫోను చేస్తే అదే మాట. మండలంలో మీటింగు జరిగితే అదే మాట. నా పెళ్ళికి సంగం వచ్చి, అక్షింతలు వేసి, వంగి చెవి దగ్గర అడిగారు, "ఆ పిల్లకి చెప్పినావామ్మా?" అని. పెళ్ళి పీటల మీద! మా ఆయన వారం రోజులు పీక్కుతిన్నాడు, ఏ పిల్ల, ఏం చెప్పాలి అని. ఇంత చిన్నదానికి ఇంత పట్టుదలా ఈ మనిషికి అని నేను లోలోపల ఉడుక్కునేదాన్ని.

తర్వాత ముత్తుకూరు మండలానికే బదిలీ అయింది. ఆ ఊరికి స్కూటీ మీద పావుగంట దారి. ఒకసారి పోయాను కూడా. ఆ పిల్ల తండ్రి గుంటల కాపలా మనిషి, కుటుంబమంతా వేరే గుంటలకి పోయినారు, యాడికో తెలీదు అన్నారు అక్కడివాళ్ళు. అబద్ధమెందుకు, ఆ మాట వినగానే ప్రాణం హాయిగా ఉంది. మళ్ళీ ఎవరినీ అడగలేదు.

నాలుగేళ్ళ కిందట మా మండలంలో టీచర్లకు శిక్షణ పెడితే, అప్పటికే రిటైరైన ఆయన్ని పిలిచారు. మనిషి బాగా చిక్కిపోయారు. సంచీ అదే. టీ వేళ వరండాలో నా వైపు వస్తుంటే నాకు తెలిసిపోయింది ఏం అడుగుతారో. ఆయన నోరు తెరవకముందే అనేశాను.

"చెప్పినాను సార్ ఆ పిల్లకి."

ఆయన ఆగిపోయారు. "అట్నా! ఎప్పుడు?"

"పోయిన నెల్లో సార్."

"ఏమనింది?"

"నవ్వింది సార్. నాకసలు గుర్తే లేదు టీచర్ అనింది."

ఆయన నన్నే చూస్తూ నిలబడ్డారు. రెండు చేతులూ వెనక్కి పోయాయి. నాకు తెలుసు అక్కడేం జరుగుతోందో. వేళ్ళు ఒకటొకటిగా మడుస్తున్నారు. నేను గోడ మీది చార్టు చదువుతున్నట్టు నటించాను. పది అయిపోయి ఉంటుంది. ఇంకో పది కూడా ఇచ్చారేమో.

"సరేమ్మా," అని టీ దగ్గరికి పోయారు.

ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. టీచర్స్ డేకి ఫోను చేస్తే పిల్లలెట్లా ఉన్నారు, ఆరోగ్యం ఎట్లా ఉంది అనేవారు, అంతే. పీడ వదిలిందనుకున్నాను. కానీ ఆ ప్రశ్న లేకుండా ఆయన గొంతు వింటుంటే, పరాయి మనిషితో మాట్లాడినట్టుండేది. ఫోను పెట్టేశాక కాసేపు ఏ పనీ చేయబుద్ధయ్యేది కాదు.

మర్నాడు బిట్రగుంట పోయాను. రైల్వే కాలనీ వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. వాకిట్లో షామియానా, చర్చివాళ్ళు మెల్లగా పాడుతున్నారు. పెట్టెలో తెల్ల చొక్కాతో పడుకోబెట్టారు. జేబు ఉబ్బెత్తుగా ఉంది. నేను దాన్ని చూడటం గమనించి ఆయన భార్య, "అయస్కాంతం నేనే పెట్టినానమ్మా. పాస్టరుగారు కూడా ఏమీ అన్లేదు," అంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఏ బ్యాచో అడిగి ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నీళ్ళ గ్లాసులు అందిస్తున్న ఒక అమ్మాయిని చూపించింది. ఇరవయ్యేళ్ళుంటాయి. భుజాన సారు సంచీ ఉంది.

"ఈ బిడ్డ మొన్న కూడా వచ్చి ఆయనకి పేపరు చదివి పెట్టింది. సముద్రం కాడ ఊరు, మీ ట్రైనింగప్పుడు పాఠం చెప్పిన ఊరే. అప్పుడు నాలుగో తరగతి. మీ పరీక్షయిన వారానికే ఈయన ఒక సీసాలో పంపు నీళ్ళు, ఒక సీసాలో మంచినీళ్ళు, గుప్పెడు పెసలు పట్టుకుని దాని కోసం పోయినాడు. కాపలా మారినప్పుడల్లా ఏ గుంటలకి పోతే అక్కడి నుంచి ఫోన్ చేస్తానే ఉండేది. ఈ ఏడే మీ కాలేజీలో చేరింది, టీచరవుతుందంట."

నేను లెక్క చూసుకున్నాను. వరండాలో నేను అబద్ధం చెప్పిన రోజున కూడా ఆ పిల్ల ఆయనకు ఫోన్ చేస్తూనే ఉంది. నేను చెప్పింది పచ్చి అబద్ధమని ఆయనకు ఆ నిమిషంలోనే తెలుసు. తెలిసీ, వెనక చేతులు పెట్టుకుని నా కోసం లెక్కపెట్టారు. ఆ పిల్ల జవాబు కూడా నేనే రాసేశాను, పరీక్ష రికార్డులో రాసినట్టు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సమాధుల తోటలో మన్ను వేయడం అయ్యాక జనం కదిలారు. ఆ అమ్మాయి గేటు దగ్గర చెప్పులు వేసుకుంటోంది. పోయి ఎదురుగా నిలబడ్డాను.

"నేనెవరో తెలుసా అమ్మా?"

"తెలుసు మేడం."

"ఆ పెసలు మీవి కావు," అన్నాను. "నువ్వు సరిగ్గానే లెక్కపెట్టినావు. మీవి మొలవలేదని పారేసి నావి పెట్టినాను. నిజం చెప్పినందుకు నిన్ను అందరి ముందరా నోరు మూసుకోమన్నాను. తప్పు నాది. పదకొండేళ్ళ కిందటే చెప్పాల్సింది."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఒకటి. రెండు. ఏడుస్తుందేమో, తిడుతుందేమో, పోనీలెండి మేడం అంటుందేమో. నాలుగు. ఎప్పుడూ ఇక్కడే నేను నోరు తెరిచేదాన్ని. తెరవలేదు. ఐదు. ఆరు. ఏడు.

"మీరొస్తారని సారు అన్నారు మేడం," అంది. ఆగి, మళ్ళీ అంది, "ఒకటి అడగనా? మా ఇరవై గింజల్లో ఒకటన్నా మొలిచిందా? సారు వేరే గింజలతో చేసి చూపించినారు గానీ, మావి ఏమైనాయో ఆయనకీ తెలీదన్నారు. మీరొక్కరే చూసినారంట."

పైపైన చూసి, కంపు కొడుతున్నాయని విసిరేశాను. లోపలి గింజలు విప్పి చూడలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాను. "చూడకుండానే పారేసినాను."

ఆ పిల్ల సంచీ భుజం మీదికి సర్దుకుంది.

"ఆ పంపు ఇంకా ఉండాది మేడం. ఆదివారం వస్తారా? పెసలు నేను తెస్తా," అంది. "ఇరవై."